బల్ల చెక్కల అతుకు ఎందుకు ఊడదు?

టేకు బల్ల పైభాగం ఒకే చెక్కలా కనిపిస్తుంది గానీ, చాలావరకు అది అంచుకు అంచు చేర్చి అతికించిన కొన్ని పలకలే. అంత వెడల్పు పలక దొరకడం కష్టం. దొరికినా వంగిపోయే భయం ఎక్కువ. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. ఈ మార్పంతా అడ్డంగానే, పొడవులో లేనట్టే.

అతుకు నిలవాలంటే ముందు అంచులు తిన్నగా ఉండాలి. సందు మిగిలితే అందులో మందంగా పేరుకున్న జిగురు బలహీనం. ఇక్కడ వడ్రంగుల ఉపాయమొకటి నాకు భలే నచ్చుతుంది. పక్కపక్కన రావలసిన రెండు పలకలను పుస్తకం మూసినట్టు కలిపి పట్టి, రెండు అంచులకూ ఒకేసారి చిత్రిక పడతారు. చిత్రిక కాస్త ఒరిగి ఒక అంచు 89 డిగ్రీలు వచ్చిందనుకోండి, రెండోది 91 అవుతుంది. తెరిచి కలిపితే సరిగ్గా 180! ఒక తప్పును ఇంకో తప్పు మింగేసింది.

తర్వాత జిగురు రాసి క్లాంపులతో బిగిస్తారు. అతుకు పొడవునా సన్నని జిగురు చుక్కలు పైకి వస్తే చాలు. బాగా ఆరాక విరిచి చూస్తే, తరచూ అతుకు కాదు, పక్కనున్న చెక్కే విరుగుతుంది.

బల్లపైభాగాన్ని కాళ్ల చట్రానికి కదలకుండా బిగించకూడదు. మరలకు కోలగా రంధ్రాలు పెడతారు. లేదంటే ఎండల్లో కుంచించుకునే చెక్క చీలిపోతుంది.