పరదేశంలో ఇంటి కేకు: కొలతలు, కట్టుబాట్లు

విడపనకల్లు వంటి మెట్ట ప్రాంతాలలో పొయ్యి అనగానే గుర్తొచ్చేది జొన్నరొట్టె కాల్చే పెనమే. కేకు చేయాలనిపిస్తే కుక్కరులో ఉప్పు పరచి, దానిపై గిన్నె ఉంచి, సన్నని సెగపై కాల్చడం మన గృహిణులకు తెలిసిన పద్ధతి. ఇలాంటి ఇంటి నుండి వివాహానంతరం కువైట్‌కో, బ్రిటన్‌కో, అమెరికాకో వెళ్లిన ఆడపడుచు పండుగ నాడు పిల్లల కోసం తానే కేకు చేయ సంకల్పిస్తే ఆమెకు రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి కొలతలది, రెండవది కట్టుబాట్లది.

మొదటిది తేలికగా తీరేదే. అమెరికా వంట పుస్తకాలలో 350 డిగ్రీలని ఉంటే అది ఫారన్‌హీట్ లెక్క. మన లెక్కలో సుమారు 177 డిగ్రీల సెల్సియస్. బ్రిటన్‌లో గ్యాస్ ఓవెన్‌పై ‘4’ అంకె దాదాపు 180 డిగ్రీలకు సమానం. ఫ్యాను ఉన్న ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించుకోవాలి. అక్కడ ‘సెల్ఫ్ రైజింగ్’ పేరుతో అమ్మే పిండిలో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది. దానికి మళ్లీ కలిపితే కేకు ఉవ్వెత్తున పొంగి నడుమ కుంగిపోతుంది. వంట సోడా పనిచేయాలంటే పెరుగు, నిమ్మరసం వంటి పులుపు కావాలి. ఇక్కడి నుండి తీసుకెళ్లిన మిక్సీ అమెరికా విద్యుత్తుతో సరిగా నడవదు. మనది 230 వోల్టులు, వారిది 120. గిన్నెలతో కొలవడం మాని చిన్న త్రాసు కొనుక్కుంటే సగం వృథా తగ్గుతుంది. ఆహారాన్ని వృథా చేయకుండుట కూడా మన ధర్మమే కదా!

రెండవ చిక్కు లోతైనది. మన దేశంలో ఆహార ప్యాకెట్లపై శాకాహార, మాంసాహార గుర్తులు తప్పనిసరి. అనేక పాశ్చాత్య దేశాలలో ఆ నిబంధన లేదు. కేకుపై అలంకరించే మెత్తని మిఠాయిలలో, జెల్లీలలో వాడే జిలాటిన్‌ను పంది చర్మం నుండి గానీ, పశువుల ఎముకలు, చర్మాల నుండి గానీ తీస్తారు. ఏ జంతువుదో తరచు రాయరు. అమెరికా నిబంధనల ప్రకారం వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్‌లో కనీసం 35 శాతం మద్యసారం ఉండాలి. ఇ471 అనే పదార్థం మొక్కల నూనె నుండీ రావచ్చు, జంతు కొవ్వు నుండీ రావచ్చు. పంది మాంసం నిషిద్ధమైన కువైట్‌లో ఈ చింత తక్కువ. ఇతర దేశాలలో డబ్బా తిప్పి చదవక తప్పదు.

సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉండేవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకుంటాడని దైవప్రవక్త (స) బోధించారు. అయితే తెలియకుండా ఒక వస్తువును హరామ్ అని ప్రకటించడాన్ని కూడా దివ్య ఖుర్ఆన్ వారించింది. ఇ471 అని కనబడగానే పొరుగింటి సోదరి ప్రేమతో తెచ్చిన పళ్లెంపై ముఖం చిట్లించడం జాగ్రత్త కాదు, తొందరపాటు. తయారీ సంస్థను అడిగి తెలుసుకోవచ్చు, నమ్మదగిన హలాల్ ముద్ర చూడవచ్చు. రూపాంతరం చెందిన జిలాటిన్ గురించి, వంటకంలో ఆవిరయ్యే మద్యసారం గురించి ధార్మిక పండితుల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి. కనుక తాము నమ్మే ఆలిమ్‌ను సంప్రదించాలే గాని ఇతరుల వంటింటిపై తీర్పు చెప్పరాదు.

పిల్లల విషయంలో మరింత నేర్పు అవసరం. తరగతిలో తోటివారి పుట్టినరోజు మిఠాయి పంచినపుడు చేయి వెనక్కి తీసుకునే పసివానికి ‘వద్దు’ అనే మాట ఒక్కటే ఇచ్చి పంపితే వాడు ఒంటరి అవుతాడు. కారణం వివరించి, అంతకంటే రుచికరమైనది డబ్బాలో పెట్టి, పదిమందికీ పంచమని చెప్పి పంపితే వాడే ఆతిథ్యమిచ్చేవాడవుతాడు.

అందుకు దూరం వెళ్లనక్కరలేదు. మన నాన్‌ఖటాయికి మైదా, నెయ్యి, చక్కెర, ఏలకుల పొడి చాలు. జిలాటిన్ లేదు, వెనిల్లా లేదు. జెల్లీ తప్పనిసరి అనుకుంటే సముద్రపు నాచు నుండి తీసే చైనా గ్రాస్ ఉంది. సోదరీమణులారా! పండుగ నాడు మొదటి పళ్లెం పొరుగింటికి పంపండి. అందులో ఏమేమి కలిపారో ఒక చీటీపై రాసి పెట్టండి. మనకున్నట్లే వారికీ కట్టుబాట్లు ఉండవచ్చు.