సాంఘిక గడియారం – భిన్నమైన వయోజన జీవనం

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు సమీప గ్రామంలో ముప్పై నాలుగేళ్ల స్త్రీ ఒకరు పెళ్లి చేసుకోలేదనుకోండి. పత్తితీతకు, మిరపకోతకు వెళ్తూ, కోతలు ముగిశాక మిర్చి తొడిమలు తీసే పని చేస్తూ తల్లిని పోషిస్తున్నారు. బంధువుల ఇంట ఏ శుభకార్యం జరిగినా ఆమెకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: “ఇంకెప్పుడమ్మా పెళ్లి?” ఆమె కష్టం గురించి ఎవరూ అడగరు. ఎందుకు?

చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు – ఏది ఏ వయసులో జరగాలో సమాజం ముందే నిర్ణయించి ఉంచుతుంది. అమెరికా పండితురాలు బెర్నిస్ న్యూగార్టెన్ దీనిని ‘సాంఘిక గడియారం’ అన్నారు. ఆ వేళ తప్పినవారిని సమాజం ప్రశ్నిస్తుంది, జాలిపడుతుంది, కొన్నిసార్లు వెలివేస్తుంది.

ఈ గడియారం ప్రకృతి ఇచ్చినది కాదు. బాలికల కనీస వివాహ వయస్సును 1929 నాటి శారదా చట్టం 14 ఏళ్లుగా నిర్ణయించింది. 1978 సవరణ దానిని 18కి పెంచింది. అయితే చట్టం మారగానే ఆచారం మారదు. వితంతు వివాహాన్ని 1856లోనే చట్టం అనుమతించినా, భర్త పోతే స్త్రీ జీవితం ముగిసినట్లేనని అనేక కుటుంబాలు భావించాయి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఈ భావనను ఎదిరించారు. వితంతు వివాహాలను ప్రోత్సహించారు. 1922లో శారదానికేతనం స్థాపించి స్త్రీలకు చదువు, వృత్తివిద్య అందించారు.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. సమాజం గీసిన దారి వదిలి బతకడానికి ధైర్యం ఒక్కటే చాలదు. తలదాచుకునే చోటు, చేతిలో పని, తోడు నిలిచే మనుషులు కావాలి. ఇవి ఉన్నప్పుడే భిన్నమైన జీవనం ‘ఎంపిక’ అవుతుంది. లేనప్పుడు అదే జీవనం ‘శిక్ష’గా మారుతుంది. పై ఉదాహరణలోని స్త్రీది ఎంపికా, అనివార్యతా అన్నది ఆమెను అడగకుండా మనం తేల్చలేము.

ఇక మీ సంగతి చూడండి. హైదరాబాదులో 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. చదువుకునే వయసు దాటిపోయిందన్న మాటను అది అంగీకరించలేదు; పాఠశాల చదువు లేనివారికీ అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించింది. పొలం పనుల తరువాత, పిల్లలు నిద్రపోయాక ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది ఆ గడియారాన్ని ఇప్పటికే కాదన్నవారే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. ఎంపికకు, అనివార్యతకు గల తేడాను వివరించండి.
2. మీ ఊరిలో సాంఘిక గడియారం స్త్రీలకు, పురుషులకు ఒకేలా వర్తిస్తోందా? ఉదాహరణలతో చర్చించండి.