నీటి యెద్దడియు, అపరాధపరిశోధక నవలయు

అపరాధపరిశోధక నవల “దోషి యెవరు?” అను ప్రశ్నపై నిలుచును. కొమ్మూరి సాంబశివరావు (1926–1994) యుగంధరుడను పాత్ర ద్వారా ఈ శాఖను తెలుగు పాఠకులకు సన్నిహిత మొనర్చెను. దోషము హత్య గాక నీటి కరవైనచో దోషిని ఎట్లు గుర్తింపవలెను? నెల్లూరు జిల్లా పడమటి మెట్టసీమలైన ఉదయగిరి, ఆత్మకూరులను ఆధారముగా గొని ఈ విషయమును వివరింప యత్నింతుము.

ఉదయగిరిసీమ నేలిన భాస్కరభవదూరుడు మొదటి బుక్కరాయల కుమారుడు. అతడు వెలిగొండలకు పడమట, నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్లవద్ద పెద్దచెరువు కట్టించి, శక 1291 (క్రీ.శ. 1369)లో శాసనము వేయించెను. దినమునకు వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినవని అందు గలదు. మంచి చెరువునకు పండ్రెండంగములను, ఆరు దోషములను ఆ శాసనము పేర్కొనుచున్నది. కట్టనుండి నీరూరుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ మిట్ట, నీరు కొంచెమై నేల విస్తారమగుట, నేల కొంచెమై నీరు విస్తారమగుట అనునవి ఆ దోషములు.

వీనిలో చవుడు, మిట్ట ప్రకృతిసిద్ధములు. పొలిమేర మానవకల్పితము. ఐదవ దోషము ఈ రెంటికిని నడుమ నున్నది. ఉన్న నీరు ఎన్ని యెకరములకు చాలునో యెరిగియు, అంతకు మించిన బీడుభూమిని మాగాణి కాగలదని చూపి అమ్మువాడు ఆ దోషమును బుద్ధిపూర్వకముగ కల్పించుచున్నాడు. నవలాకారునకు దోషి యిచ్చట లభించును. వాన లేమి అతనికి చాటగును. భూమి చేతులు మారినది నీటిపథకము వెల్లడియగుటకు ముందా, పిమ్మటనా యనునది పరిశోధకునకు మొదటి ఆచూకి.

అయినను ప్రతి యెండిన పొలము వెనుకను కుట్ర యుండదు. ఆత్మకూరునకు చేరువనున్న అనంతసాగరము మండలమున పెన్నపై సోమశిల జలాశయనిర్మాణము 1975లో ఆరంభమైనది. దాని సామర్థ్యము సుమారు 78 శతకోటి ఘనపుటడుగులు. అంతటి జలాశయము చేరువనున్నను మెట్టనేల కాలువకంటె ఎత్తుననుండుటచే నీరు తనంత నెక్కదు; ఎత్తిపోయవలసినదే. ఇచ్చట అడ్డుపడునది నేల వాలు.

కావున ఇట్టి నవలను విమర్శించు పరిశోధకవిద్యార్థి, కరవులో ప్రకృతి భాగమెంత, మనుష్యుని భాగమెంత యని ముందుగ వేరుపరుపవలెను. నేరమంతయు ఒక్క ప్రతినాయకునిపై మోపిన నవల కథను ముగించును గాని, కరవునకు కారణము చూపదు. శాసనకర్త దోషిని పేర్కొనక దోషములనే లెక్కించెను. ఆ లెక్క విమర్శకునకు నేటికిని ఉపకరించునని మా యభిప్రాయము.