కాటా ముందు ఆగిన బండి

వస్తువు అభ్యుదయకరమైనంత మాత్రాన కథ పాఠకుణ్ణి కదిలించదు. "రైతు దోపిడీకి గురయ్యాడు" అని రాస్తే అది తీర్మానమవుతుంది, కథ కాదు. ఆ దోపిడీ ఎక్కడ, ఎలా జరుగుతుందో రచయిత చూపాలి.

బోధన్ ప్రాంతాన్నే తీసుకుందాం. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు అక్కడ చెరకును పెంచాయి. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ శక్కర్‌నగర్‌లో వెలిసింది. కోసిన చెరకు నిలవుంటే ఎండుతుంది. బరువూ, తీపీ రెండూ తగ్గుతాయి. కాటా ముందు బండి ఆగిన ప్రతి గంటా రైతుకు నష్టమే. ఎవరి బండి ముందు కదిలింది, ఎవరిది ఆగిపోయింది అన్నది చూపితే ఊళ్లోని అధికార సంబంధాలన్నీ బయటపడతాయి. అప్పుడు "దోపిడీ" అన్న మాటను కథకుడు పలకనక్కరలేదు, పాఠకుడే పలుకుతాడు.

వట్టికోట ఆళ్వారుస్వామి దాశరథితోపాటు నిజామాబాద్ జైల్లో బందీగా ఉన్నాడు. ఉద్యమకారుడై ఉండీ "జైలు లోపల" కథల్లో తన త్యాగం చెప్పుకోలేదు. నేరస్థులని ముద్రపడిన మామూలు ఖైదీల బతుకులు చెప్పాడు. ముందు వాళ్ల మాట విన్నాడు. ఆ కథల బలమంతా అక్కడే ఉంది.

2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి పోయిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. దానిమీద "మూగబోయిన సైరన్" అని రాయడం తేలిక. జీతం ఆగాక కార్మికుడి ఇంట్లో మొదట ఏ ఖర్చు మానుకున్నారు? చెరకు తీసేసిన పొలంలో రైతు ఏం వేశాడు? దృక్పథం ఈ ప్రశ్నలు వేయిస్తుంది. జవాబులకు మాత్రం ఆ ఇంటికి, ఆ పొలానికి వెళ్లాల్సిందే.