మోహనం మెట్ల మీద గిటారు వేగం

గిటారు సోలోలో లిక్ అంటే తగిన చోట అమర్చుకోదగిన చిన్న స్వరగుచ్ఛం. స రి గ ప ద అనే ఐదు స్వరాల కర్ణాటక సంగీతపు మోహన రాగం పాశ్చాత్యుల మేజర్ పెంటటానిక్ స్కేలుతో సరిపోతుంది కనుక తెలుగువారి చెవికి ఆ స్వరాలు ముందే పరిచితం. ఆ స్వరాలతో గిటారుపై లిక్ వాయించేటప్పుడు, ఒక్కో తీగపై రెండేసి స్వరాలు పడే అమరికలో మొదటిదాన్ని మీటి, రెండోదాన్ని మీటకుండా ఎడమచేతి వేలిని తీగపై గట్టిగా మోపి పలికిస్తే, అంటే హ్యామర్-ఆన్ చేస్తే, కుడిచేతి శ్రమ సగమై వేగం సులువుగా అందుతుంది. అయితే వేగంలో స్పష్టత పోకూడదు. పాలకొల్లులో 1969లో జన్మించి, ఎలక్ట్రిక్ మాండలిన్‌పై గమకాలను పలికించిన ఉప్పలపు శ్రీనివాస్, రిమెంబర్ శక్తి బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ సరసన వాయించినప్పుడు ఎంత వేగంలోనూ స్వరాలు విడివిడిగా వినిపించేవి. సాధకుడికి అదే అసలైన కొలమానం. అందుకే లయను కొలిచే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు ఉంచి, దెబ్బకు ఒక స్వరం, ఆపై రెండు, ఆపై నాలుగు చొప్పున మూడు కాలాల్లో సాధన చేయడం మేలు.