జ్ఞాపకం పోతే రేపటి ఊహ ఏమవుతుంది?

జ్ఞాపకశక్తి దెబ్బతిన్న మనిషి పోగొట్టుకునేది గతాన్నేనని అనుకుంటాం. రేపటిది ఇంకా జరగనే లేదు కాబట్టి దాన్ని ఊహించుకోవడానికి అడ్డేముంటుంది అనిపిస్తుంది. ఈ నమ్మకాన్ని కుదిపేసినవాడు కెనడాకు చెందిన ఒక రోగి. వైద్య గ్రంథాల్లో అతని పేరు కె.సి. 1981లో మోటారుసైకిల్ ప్రమాదంలో అతని మెదడుకు తీవ్రమైన గాయమైంది. మాట పోలేదు, తెలివి పోలేదు, చదరంగం ఆడగలిగేవాడు. కానీ తన జీవితంలోని ఒక్క సంఘటననైనా తాను అనుభవించినదిగా గుర్తు తెచ్చుకోలేకపోయేవాడు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టుల్వింగ్ అతన్ని రేపు ఏం చేస్తావని అడిగితే తెలియదన్నాడు. నిన్నటిని తలుచుకున్నా, రేపటిని తలుచుకున్నా మనసులో ఒకే రకమైన శూన్యమని చెప్పాడు.

ఒక్క మనిషిని చూసి సిద్ధాంతం కట్టకూడదు. పైగా కె.సి. మెదడులో గాయం ఒక్క చోటికే పరిమితం కాలేదు. అందుకే 2007లో లండన్‌లో డెమిస్ హసాబిస్, ఎలినార్ మగ్వైర్ బృందం చేసిన పరీక్షకు విలువ ఎక్కువ. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిన్న ఐదుగురిని తెల్లటి ఇసుక తీరంలో పడుకున్నట్టు ఊహించుకుని కనిపించేది వర్ణించమన్నారు. జరిగినదాన్ని గుర్తు చేసుకోమని కాదు, కొత్తదాన్ని అల్లమని అడిగారు. నలుగురి వర్ణన ముక్కలు ముక్కలుగానే మిగిలింది. ఆకాశం, ఇసుక, నీళ్లు విడివిడిగా వచ్చాయి తప్ప ఒక చోటుగా కుదురుకోలేదు. అయిదో వ్యక్తి మాత్రం మామూలుగానే ఊహించగలిగాడు. అతని హిప్పోకాంపస్‌లో కొంత భాగం మిగిలి ఉండడమే కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. వచ్చే నెల జరగబోయే పెళ్లిని మీరిప్పుడు తలుచుకుంటే ఇందులోని కిటుకు తెలుస్తుంది. ఆ పందిరి, సన్నాయి మేళం, పంక్తిలో కూర్చున్న ముఖాలు అన్నీ ఇదివరకు చూసిన పెళ్లిళ్ల నుంచి వచ్చినవే. వాటిని ఏరి కొత్త దృశ్యంగా కూర్చే పని మెదడుది. జ్ఞాపకం ముఖ్య ప్రయోజనం గతాన్ని భద్రపరచడం కాదనీ, ముందున్నదానికి మనల్ని సిద్ధం చేయడమనీ నేను నమ్మడానికి ఆధారం ఇదే.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 2010లో అమెరికాలో లారీ స్క్వైర్ బృందం పరీక్షించిన హిప్పోకాంపస్ రోగులు భవిష్యత్తును మిగతావారిలాగే ఊహించగలిగారు. అయితే వాళ్లు దూరపు గతాన్ని కూడా బాగానే చెప్పగలిగారు. అంటే ముడిసరుకు వారి దగ్గర మిగిలే ఉంది. ఈ ఫలితం హిప్పోకాంపస్ ఒక్కదానికే అంత పెత్తనం ఉందా అని ప్రశ్నిస్తుందే కానీ, గతానికీ ఊహకూ ఉన్న బంధాన్ని తెంచదు. ఇంకో అభ్యంతరం కె.సి. నుంచే వస్తుంది. ఇప్పుడు కొద్ది డబ్బు కావాలా, కొన్నాళ్లాగి ఎక్కువ డబ్బు కావాలా అని అడిగితే అతను ఇతరుల్లాగే ఆలోచించి ఎంచుకున్నాడు. భవిష్యత్తు అనేది ఒకటుందని అతనికి తెలుసు. అందులో తనను తాను చూసుకోవడమే చేతకాలేదు.

మీ ఇంట్లో ఇలా జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవారు ఉంటే, వారు రేపటికి ఏ ఏర్పాటూ చేసుకోకపోవడాన్ని బద్ధకమనో పట్టనితనమనో అనకండి. అదీ గాయంలో భాగమే కావచ్చు. వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు నిన్నటి మతిమరుపుతో పాటు ఆ సంగతి కూడా చెప్పండి.