చేపల తొట్టికి దీపము



గాజుతొట్టిలో చేపలను పెంచువారు దీపము కొనుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలయును: ఈ వెలుగు ఎవరికొఱకు? తొట్లలో మనము పెంచు చేపలకు కనుఱెప్పలు లేవు. వానికి చీకటియే విశ్రాంతి. వెలుగును తిని బ్రదుకునవి మొక్కలు, వానితోబాటు పాచి.

మనుమని ముచ్చట తీర్పనెంచి నేనొక తొట్టిని ఎండ తగులు కిటికీచెంత నుంచి, అర్ధరాత్రివఱకు దీపము వెలిగించుచుంటిని. పక్షము తిరుగకమున్నే నీరు పచ్చబడినది. ఒకనాటి వేకువను చేపలు నోళ్లు తెఱచుచు పైకి తేలినవి; రెండు చచ్చినవి. చెఱువులలో మీరును ఇట్టి దృశ్యమును చూచియుందురు. పగటివేళ ప్రాణవాయువు నొసగు పాచియే చీకటిలో దానిని పీల్చుకొనును. బాలుడు కంటనీరు పెట్టెను. దోషము నాది.

కావున తొట్టిని నేరుగా ఎండ పడనిచోట నుంపుడు. పాతరకపు బల్బు నీటిని వేడిచేయును. వేడెక్కిన నీట ప్రాణవాయువు తక్కువగా నిలుచును. ఎల్.ఇ.డి. దీపమునకు వేడిమియు, విద్యుత్తు ఖర్చును స్వల్పము. మొక్కలు లేనిచో మందమైన దీపము దినమునకు 6 గంటలు చాలును. మొక్కలున్నచో, పగటి వెలుగును బోలు 6500 కెల్విన్ దీపమును 8 గంటలు వెలిగింపవచ్చును. పాచి పెరిగినచో ఒక గంట తగ్గింపుడు. ఉదయము గది తెల్లవారిన పిమ్మట వెలిగించినచో చేపలు బెదరవు.

మీరు పడుకొనుటకు ముందే దీపమార్పుట మఱవకుడు.